పంతులమ్మ మేకుకు తగిలించిన రవిక కాగితం

మొన్న మంగళవారం పొద్దున మా కారంపూడి గ్రంథాలయం పంతులమ్మ చనిపోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. నేను ఆమెకు మేలు చేసినవాణ్ని కాను, కీడు చేసినవాణ్ని. అయినా ఇది నేనే రాయాలి. ఆమె ఎంత ఓర్చిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తప్పులుంటే సర్దుకోండి. యాభై ఏళ్లు కత్తెర పట్టిన దర్జీని, కలం పట్టినవాణ్ని కాదు.

పగలు క్రైస్తవ మిషను బడిలో పాఠం చెప్పి, సాయంత్రం గ్రంథాలయం తెరిచేది. నాపరాళ్ల గది ఒకటి, బీరువాలు రెండు. ఆమె వచ్చాక పుస్తకాలతోపాటు కత్తెర, ఇస్త్రీపెట్టె, పిల్లల గౌన్లకు కొలతగా కత్తిరించిన కాగితాలు కూడా ఇళ్లకిచ్చేది. గోడ మేకుకున్న కాగితం తీసుకెళ్లి, గుడ్డ మీద పరిచి కత్తిరించుకుని, వారంలో తెచ్చి మళ్లీ మేకుకు తగిలించాలి.

"అక్షరం రానోళ్లు గ్రంథాలయానికి రాగూడదని ఎక్కడ రాసుంది తాతగారూ?" అనేది నాతో.

ఒకరోజు నా కొట్టుకొచ్చి, పెద్దవాళ్ల రవికకు నా చేతి కాగితం ఒకటి ఇమ్మంది. కడుపు మండింది. నా గిరాకీ చెడగొట్టడానికి నన్నే కాగితం అడుగుతుందా? నవ్వుతూనే ఇచ్చాను. కొలతలన్నీ సరైనవే. కానీ దర్జీల కాగితంలో కుట్టుకు పోయే గుడ్డ కలవదు. కత్తిరించేటప్పుడు చుట్టూ వేలెడు వదులుతాం. ఆ ముక్క చెప్పలేదు. అబద్ధమాడలేదు, నోరు మూసుకున్నాను.

అవి యుద్ధకాలపు కంట్రోలు రోజులు. రేషను కార్డు మీద గజం గుడ్డ దొరకాలంటే తెల్లవార్లూ వరుసలో నిలబడాలి. కూలికి పోయే మార్తమ్మ, క్రిస్మస్‌కని దాచుకున్న గుడ్డను నా కాగితం పెట్టి కత్తిరించుకుంది. కుట్టాక చేతులు దూరలేదు. ఇంకో ముగ్గురి గుడ్డలూ అట్లాగే పాడయ్యాయి. మార్తమ్మ ఆ రవిక పట్టుకుని ఏడుస్తూ కొట్టు ముందుకొస్తే బజారంతా వినేట్టు అన్నాను:

"ఏమే మార్తమ్మా, పుస్తకాల గదిలో కుట్టు నేర్చుకుంటివి గదా! అది నీ మేకకు తొడుగు, సరిపోద్ది."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను.

గ్రంథాలయం పెద్ద ఒక మోతుబరి. పంతులమ్మను నిలబెట్టి అడిగాడు.

"ఏందమ్మా ఇది? పుస్తకాలుండే చోట రవికలేంది? ఇంకొక్క గుడ్డ పాడైందా, ఆ కాగితాలన్నీ పొయ్యిలో పెట్టిస్తా."

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఒక్క మాటతో తీరేది. అనలేదు. పంతులమ్మకు నా సంగతి అప్పటికే తెలుసు. నేను కుట్టిన తన పాత రవికను విప్పి, కాగితం పక్కన పెట్టి వేలెడు తేడా చూసుకుందట.

"తప్పు నాదేనండీ. అడగాల్సింది అడగలేదు," అంది. నా వంక చూసింది, నా పేరెత్తలేదు.

తన తెల్లచీర కొంగు చింపి నాలుగు రవికలకూ చంకల కింద పట్టీలు వేయించింది. పొట్టిదైన ఆ కొంగును చూసి 'ఎలకలు కొరికిన కొంగు' అని పేరు పెట్టింది కూడా నేనే.

అయినా ఏటా క్రిస్మస్‌కు ముందు కొట్టుకొచ్చేది. "కోపం లేదు తాతగారూ. ఆ వేలెడు మాట మీరే వచ్చి ఆడవాళ్లకు ఒక్కసారి చెప్పండి, చాలు."

"నేను రాను, పో," అనేవాణ్ని. ఏటా అదే మాట.

నా గుట్టు దాచి ఇన్నేళ్లూ నన్ను బజారులో తలెత్తుకు తిరగనిచ్చింది. అందుకు ఆమెకు చేతులెత్తి దండం పెడుతున్నాను. బతికుండగా పెట్టలేదు.

మంగళవారం టేపు మెడలో వేసుకుని వెళ్లాను. ఆమెకు తొడిగే తెల్ల రవిక నా చేత కుట్టించుకుంటారనుకున్నాను. ఎవరూ పిలవలేదు. గ్రంథాలయం అరుగు మీద మార్తమ్మ ఆ రవికకే తెల్లగుడ్డ పరిచి, నా కాగితం పెట్టి కూర్చుంది. ఇన్నేళ్లకు కాగితానికి మేకు బొక్క చిరిగి పెద్దదైంది.

"చుట్టూ వేలెడు వదలండి," అన్నాను.

"తెలుసులే తాతా. పంతులమ్మ చెప్పింది. కాస్త జరుగు, వెలుతురుకు అడ్డం."

జరిగాను. మార్తమ్మ పగుళ్లు వారిన వేలు కాగితం అంచున ఆనించి సుద్దగీత గీసింది. వేలు తీసి పక్కన ఆనించి మళ్లీ గీసింది. అట్లా చుట్టూ తిరిగి వచ్చింది.