సఫూరా నమ్మిన పచ్చలైటు

దేవరయాంజాల్ దాటి శామీర్‌పేట వైపు పోయే బాటలో, కొత్త కాలనీ ప్రహరీగోడ వెనకాల సఫూరా వాళ్ల చెలక ఉంది. గోడకు ఒక పక్క మేడలు, ఇంకో పక్క కొత్తిమీర మడులు. పొద్దున్నే ఆకుకూర కోసి, కట్టలు కట్టి, తడి గోనె కప్పి, గంప నెత్తిన పెట్టుకుని కాలనీలో ఇల్లిల్లూ తిరిగేది సఫూరా. అరిచి అమ్మే మనిషి కాదు. గేటు దగ్గర నిలబడి "కూరమ్మా" అని ఒక్క మాట అనేది. వినబడినవాళ్లు వచ్చేవాళ్లు, వినబడనివాళ్లు మర్నాడు వచ్చేవాళ్లు.

చెలకంతా తిరిగేది గానీ, బోరు దగ్గర కర్రకు బిగించిన స్టార్టర్ డబ్బా వైపు మాత్రం పోయేది కాదు. రెండేళ్ల కిందట వానాకాలంలో ఆమె భర్త షఫీయుద్దీన్ ఆ డబ్బాకే అతుక్కుని పోయాడు. మోటారు వేద్దామని ఇనుప డబ్బా మీద చెయ్యి వేశాడు, డబ్బాకు కరెంటు పాకి ఉంది. అంతే. నిండు మనిషి గట్టు మీద కూలిపోయాడు. తర్వాత డబ్బా మార్చారు, ఎర్తింగు తీగ కొత్తది వేశారు. అయినా గట్టి వాన కొడితే ఎప్పుడో ఒకనాడు ఇనుముకు కరెంటు పాకుతూనే ఉంది. మిస్త్రీని పిలిస్తే, "తడి ఉన్నన్ని దినాలు గింతే, జర పైలం" అని చేతులు దులుపుకుని పోయాడు.

ఇప్పుడు ఆ మోటారు వేసేది కొడుకు ఫైజ్. ఆమెకు మిగిలింది వాడొక్కడే.

ఆ చుట్టుపక్కల రైతులకు ఒక అలవాటు ఉంది. మీట నొక్కే ముందు చెయ్యి తిరగేసి, వేళ్ల వెనక వైపుతో డబ్బాను ఒక్క చిటికె తాకుతారు. కరెంటు ఉంటే చెయ్యి జివ్వుమని దానంతట అదే ఇవతలికి వచ్చేస్తుంది. అరచేత్తో తాకామా, వేళ్లు ముడుచుకుని డబ్బానే పట్టుకుంటాయి, ఇక వదలవు. ఈ సంగతి కొడుక్కి నేర్పింది షఫీయుద్దీనే. నేర్పినవాడే ఒకనాడు మరిచాడు. ఫైజ్ మాత్రం మరిచేవాడు కాదు. అయినా రోజూ పొద్దున కొడుకు బోరు వైపు నడిచినప్పటి నుంచి మోటారు చప్పుడు వినబడేదాకా సఫూరాకు ఊపిరి ఆడేది కాదు. కొత్తిమీర కట్ట చేతిలో అట్లాగే ఉండిపోయేది.

కాలనీలో ఫణిభూషణ్ గారి ఇల్లు ఆమెకు ఖాయం బేరం. ఆయన భార్య జానకీదేవిది గుంటూరు వైపు.

"గోంగూర తేలేదా సఫూరా?"

"పుంటికూర ఉన్నదమ్మా."

"అదేనమ్మా, గోంగూర."

"మా దిక్కు గిది పుంటికూరనే. మీ ఇంట్ల పొయ్యెక్కినంక గోంగూర అయితది గావచ్చు."

జానకీదేవి పడీ పడీ నవ్వేది. వాళ్లమ్మాయి అనూహ్య ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఒకరోజు ఆ పిల్ల తల్లి వెనకాలే గేటు దాకా వచ్చింది.

"ఆంటీ, మాకు కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. మనుషులకి నిజంగా ఉన్న కష్టం ఒకటి తీసుకుని, దానికి పరికరం తయారుచెయ్యమన్నారు. మీ పొలంలో ఏమైనా ఇబ్బందులున్నాయా? పురుగులు, నీళ్లు, అలాంటివి?"

సఫూరా గంప కిందికి దించింది. "ఉన్నది బేటీ" అంది. గంప మీది తడి గోనెను సర్దిందే సర్దుతూ కూర్చుంది. ఆ పిల్ల తొందరపెట్టలేదు. గేటు మెట్టు మీద పక్కన కూర్చుంది. ఆ కూర్చోవడమే సఫూరాను కరిగించింది. రెండేళ్లుగా గొంతులో పెట్టుకున్నదంతా ఆ మెట్టు మీద కక్కేసింది.

మరునాటి నుంచి అనూహ్య, తనతో చదివే భానుతేజ చెలకకు రావడం మొదలుపెట్టారు. తీగలు, చిన్న చిన్న బిళ్లలు, లాప్‌టాపు. భానుతేజ గట్టు మీద కూడా బూట్లు విప్పేవాడు కాదు. అనూహ్య అట్లా కాదు. మట్టిలో గోనె పరుచుకుని కూర్చునేది, సఫూరా పెట్టిన జొన్నరొట్టె, పచ్చి పులుసు తినేది, కారానికి కళ్లలో నీళ్లు కారుతున్నా ఇంకో ముక్క అడిగేది. ఫైజ్ పిలవడం విని విని ఒకసారి తనూ "అమ్మీ" అనేసి నాలుక కరుచుకుంది. సఫూరా ఆ మాటను రోజంతా మూట కట్టుకుని తిరిగింది.

ఒకరోజు ఫోను ఎదురుగా పెట్టి, "అంకుల్ సంగతి చెప్పండి ఆంటీ, చూసేవాళ్లకి తెలియాలి కదా" అంది. పరాయివాళ్ల ముందు కొంగు కూడా జారనివ్వని మనిషి, ఆ పిల్ల కోసం ఫోను ముందు కూర్చుని ఏడ్చుకుంటూ చెప్పింది.

పనిముట్టు తయారైంది. అరచేతంత తెల్ల పెట్టె. దాన్ని స్టార్టర్ డబ్బా పక్కన బిగించి తీగలు కలిపారు. డబ్బాకు కరెంటు పాకకుంటే పచ్చలైటు, పాకితే ఎర్రలైటుతో పాటు కూత. భానుతేజ ఏదో తీగ తగిలించి చూపిస్తే పెట్టె ఎర్రబడి గోడ అవతలి మేడల దాకా కూసింది. సఫూరా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇది అప్పుడే ఉంటే ఆయన ఇప్పుడు బతికి ఉండేవాడు కదా అని ఆమె దుఃఖం.

"గిది గీడనే ఉంటదా బేటీ? మళ్ల తీస్కపోతరా?"

"ఇక్కడే ఉంటుంది ఆంటీ. మీ కోసమే చేశాం కదా. ఇది మీదే."

పక్క మడి ఈదమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. "లైటును నమ్ముకునుడేందే? కరెంటు మీద కరెంటునే కాపలా పెడ్తరా? పిల్లిని ఉట్టి కాడ కూసుండబెట్టినట్టు."

"సదువుకున్న పిల్లలక్కా. నీలెక్క ఉత్త నోటితోని చేసిండ్రా?"

"ఆఁ! సదువుకున్నోళ్లే గదనే ప్లాట్లు జేసి మన బండ్ల బాట మూసింది!"

సఫూరా నవ్వి ఊరుకుంది. నవ్వు మరిచిన మనిషి ఆ రోజుల్లో నవ్వేది. కొడుకు మీట నొక్కే ముందు ఇంకా చెయ్యి తిరగేసి తాకుతుంటే ఆమెకే కోపం వచ్చింది.

"ఇంకెందుకు బేటా గా చెయ్యి పెట్టుడు? పచ్చగ ఉన్నది గదా!"

"బాబా నేర్పిండు అమ్మీ."

"బాబా ఉన్నప్పుడు గీ లైటు లేకుండె. ఉంటే..." అని ఆపేసింది. తల్లి ముఖం చూసి ఫైజ్ ఆ అలవాటు మానేశాడు. ఆమె కూడా మోటారు చప్పుడు కోసం ఊపిరి బిగబట్టడం మానేసింది.

కొన్నాళ్లకు బెంగుళూరులో పోటీ వచ్చింది. బయలుదేరే ముందు రోజు పిల్లలిద్దరూ వచ్చి, తీగలు సర్దాలని బోరు దగ్గర కాసేపు ఉన్నారు. సఫూరా అటు పోలేదు. పని అయ్యాక చూస్తే పచ్చలైటు ఎప్పటిలాగే వెలుగుతోంది. అనూహ్య ఆ రోజు రొట్టె వద్దంది. ప్రయాణం బెంగ అనుకుంది సఫూరా. లోపలికి పోయి పచ్చటి గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి తెచ్చి, ఆ పిల్ల కుడి దండచేతికి ఇమామ్ జామిన్ కట్టింది. దూరం పోయేవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని వాళ్ల ఇళ్లలో కట్టేది అది. షఫీయుద్దీన్‌కూ ఫైజ్‌కూ తప్ప ఆమె ఎవరికీ కట్టి ఎరుగదు.

"దీన్ని నువ్వు ఇప్పొద్దు బేటీ. మంచిగ తిరిగొచ్చినంక నేనే ఇప్పుత. బిళ్ల గరీబోళ్లకు ఇయ్యాలె."

అనూహ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడుస్తవేంది పిచ్చిపిల్ల! జల్దీ వస్తవ్ గదా" అని సఫూరా ఆమె తల నిమిరింది.

వారం పది రోజులు గడిచాయి. ఆ పిల్ల రాలేదు. పెద్ద పోటీ కదా, పనులుంటాయి అనుకుంది. ఒకనాటి రాత్రంతా వాన కొట్టి పొద్దునకు తెరిపిచ్చింది. గట్టు తెగి వాన నీళ్లు నారుమడిలో నిలవలేదని ఫైజ్ మోటారు వెయ్యబోయాడు. సఫూరా పాకలో కట్టలు కడుతూ ఉంది. మోటారు చప్పుడు రాలేదన్న సంగతి కూడా ఆమెకు పట్టలేదు. ఈదమ్మ పెట్టిన కేకతో లేచింది.

అరచెయ్యి డబ్బాకు అతుక్కుని, పళ్లు బిగుసుకుపోయి, ఫైజ్ వణికిపోతున్నాడు. ఈదమ్మ పాక చూరు కింది ఎండు కట్టె అందుకుని వాడి మోచేతి మీద ఎంత బలముంటే అంత బలంతో కొట్టింది. వాడు వెనక్కి బురదలో పడ్డాడు. వాడి తల పైన పచ్చలైటు చల్లగా వెలుగుతూనే ఉంది.

దేవుడి దయ, ప్రాణం దక్కింది. అరచెయ్యి మాత్రం కాలి మాంసం బయటపడింది. మేడ్చల్ ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచి, కట్టు కట్టించి ఇంటికి తెచ్చారు. తెచ్చిన రోజే సఫూరా రెండేళ్ల తర్వాత మొదటిసారి ఆ కర్ర దగ్గరికి నడిచింది. ఈదమ్మ అప్పటికే మిస్త్రీతో కరెంటు లైను తీయించింది. అయినా లైటు వెలుగుతోంది. సఫూరా కొడవలి మొనతో తెల్ల పెట్టె మూత లేపింది. లోపల రెండు పెన్సిలు సెల్లులు, వాటికి అంటించిన ఆవగింజంత బల్బు. ఇంకేమీ లేదు. బయటి నుంచి వచ్చిన తీగలు పెట్టెలోకి దూరి, తెగిన తోకల్లా ఊరికే వేలాడుతున్నాయి.

అప్పుడు కూడా ఆమెకు ఆ పిల్ల మీద అనుమానం రాలేదు. ఎవడో దొంగ ముండాకొడుకు లోపలి సామాను ఎత్తుకుపోయి ఉంటాడు, అంత కష్టపడి చేసింది, తెలిస్తే అనూహ్య ఎంత ఏడుస్తుందో అనుకుంది. ముందు ఆ పిల్లకు చెప్పాలని ఉత్త చేతులతో కాలనీకి పోయింది.

జానకీదేవి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "రా రా సఫూరా! ఇన్నాళ్లూ ఏమైపోయావు? మా అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది తెలుసా! నువ్వు కూడా ఉన్నావు ఇందులో, చూడు" అని ఫోను చూపించింది.

పెద్ద తెర మీద సఫూరా ముఖం. తను ఏడుస్తోంది. కింద కుర్చీల్లో జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ తర్వాత అనూహ్య వేదిక మీదికి వచ్చింది. చేతిలో తెల్ల పెట్టె. తీగ తగిలిస్తే ఎర్రబడి కూసింది, ఆనాడు చెలకలో కూసినట్టే. "ఇది ఆ పొలంలో పనిచేసిన పరికరమే. ఈ రోజు ఆ కుటుంబం నిశ్చింతగా ఉంది" అంటోంది అనూహ్య. మళ్లీ చప్పట్లు.

మెట్లు దిగి వస్తున్న అనూహ్య ఆ మాటలు విని అక్కడే ఆగిపోయింది.

సఫూరా ఫోను నుంచి తల ఎత్తింది. "నువ్వు గిది గాడికి తీస్కపోతే, నా చెలకల ఎలుగుతున్నదేంది బేటీ?"

"ఆంటీ... ఉన్నది ఒక్కటే సెట్టు. పోటీకి అసలుదే కావాలన్నారు. వచ్చాక మళ్లీ పెట్టేద్దామనుకున్నాం. ఇంతలో ఇంకోచోట చూపించమన్నారు..."

"తీస్కపో. ఒద్దంటనా? అడిగితే నేనే గంపల పెట్టి పంపకపోదునా? లైటెందుకు ఎలిగిచ్చినవ్?"

"సార్లు ఫొటోలకి వస్తామన్నారు. ఖాళీగా ఉంటే బాగోదని భానుతేజ... మీరు కూడా బాధపడతారని..."

"లైటు లేకుంటే నా కొడుకు చెయ్యి తిరగేసి తాకేటోడు." సఫూరా గొంతు పెరగలేదు. "పచ్చగ ఉన్నదని పూర అరచెయ్యి పెట్టిండు. నేనే పెట్టుమన్న. నిన్ను జూసి పెట్టుమన్న."

అప్పుడు చెప్పింది, ఏం జరిగిందో. జానకీదేవి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. "చిన్నపిల్ల సఫూరా, తెలియక చేసింది. మావారు రానీ, నీకేం కావాలన్నా చేస్తాం" అంది. సఫూరా ఆమె వైపు చూడలేదు.

అనూహ్య పైకి పరుగెత్తి తెల్ల పెట్టె తెచ్చింది. "ఇప్పుడే వచ్చి బిగిస్తాను ఆంటీ. ఇది నిజంగా పనిచేస్తుంది. ఒట్టు."

"పనిచేస్తది. నా కండ్లతోని చూసిన గదా. ఇగ అది పచ్చగ ఎలిగితే, చెయ్యి పెట్టు బేటా అని వానికి ఏ నోటితోని చెప్పాలె?"

అనూహ్య పెట్టెను గుండెకు అదుముకుని ఏడ్చింది. పొడుగు చొక్కా చెయ్యి పైకి జరిగి, దండచేతి మీద పచ్చగుడ్డ కనబడింది. ఊరి నుంచి వచ్చి ఇన్నాళ్లయినా విప్పలేదు. విప్పించుకోవడానికి రాలేకపోయింది.

సఫూరా దగ్గరికి పోయి ఆ చెయ్యి పట్టుకుంది. ముడి నానీ ఎండీ బిగుసుకుపోయింది. పంటితో సడలించి మెల్లగా విప్పింది.

"మంచిగ తిరిగొచ్చినవ్" అంది. ఆ ఒక్క మాటే. "అమ్మీ" అని వెనక నుంచి వినబడినా గేటు దగ్గర ఆగలేదు. దారిలో శామీర్‌పేట బస్సు ఆగే చోట అడుక్కుంటూ కూర్చున్న ముసలామె ఒళ్లో బిళ్ల వేసింది. గుడ్డ మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

మరునాడు లైను మళ్లీ ఇచ్చారు. మడులు ఎండుతున్నాయి, నీళ్లు పెట్టక తప్పదు. ఖాళీ పెట్టె పీకేసిన చోట కర్రకు నాలుగు మేకుల గుర్తులు మిగిలాయి. ఈదమ్మ గట్టు మీద ఎండు కట్టె పట్టుకుని నిలబడింది. ఫైజ్ కట్టు కట్టిన కుడిచెయ్యి రొమ్ముకు ఆనించుకుని, ఎడమ చెయ్యి ముందుకు చాపాడు.

"ఆగు" అంది సఫూరా.

కొడుకును పక్కకు జరిపి తను ముందుకు వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది. చెయ్యి తిరగేసింది. కళ్లు మూసుకోకుండా, వేళ్ల వెనక వైపుతో డబ్బాను తాకింది. ఇనుము చల్లగా ఉంది. ఇంకోసారి తాకి చూసింది.

"ఇగ ఎయ్యి బేటా" అని, మోటారు చప్పుడు వచ్చేదాకా అక్కడే నిలబడింది.