నడుము తన్నని తమ్ముడు

మా తమ్ముడు ఉదయగిరి నుంచి తెచ్చిన ఆముదం సీసా మూత తీస్తే చాలు, ఆ వాసన వెంట నేను సీతారామపురం దారిలోని మా పాత మిద్దె మీదికి వెళ్లిపోతాను. డెబ్బైల నాటి ఆ ఎండల్లో ఆముదపు కాయలు చిటపటమని చిట్లుతుంటే, ఎగిరిపడ్డ గింజలు ఏరుకుని వామనగుంటలు ఆడేవాళ్లం. మిగిలిన గింజల్ని అవ్వ వేయించి, దంచి, పెద్ద దబరలో కాచి, పైకి తేలిన నూనెను ఒడుపుగా గరిటెతో తీసేది. ఆమెకు నడుం నొప్పి. పట్టేసినప్పుడల్లా పక్క ఊరికి పోయి, ఎదురుకాళ్లతో పుట్టిన ఒక ముసలాయన చేత నడుం మీద మెల్లగా తన్నించుకుని వచ్చేది. అలా పుట్టినవాళ్లు తంతే పట్టు వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అమ్మకు ఎనిమిదో నెల దాటుతుండగా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ఆత్మకూరు ఆస్పత్రిలో చెప్పారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అవ్వకున్న ఒక్క కూతురు, మా మేనత్త, అలాంటి కాన్పులోనే పోయింది, బిడ్డా దక్కలేదు.

మర్నాడు నాయన ఉదయగిరి పోయి, మంత్రసాని ఖాసింబీని బస్సులో వెంటబెట్టుకొచ్చాడు. ఆమె గాజులు పైకి ఎగదోసి, జారకుండా గుడ్డ చుట్టుకుని, గోరువెచ్చని ఆముదం అమ్మ పొట్టకు రాసి, ఒక చెయ్యి బిడ్డ తల మీద, ఇంకో చెయ్యి పిర్రల మీద ఆనించింది. పొట్ట రాయిలా బిగుసుకుంది.

"బిగబట్టొద్దు బిడ్డా. నువ్వు భయపడతా ఉంటే నా చెయ్యి కదలదు. బలవంతంగా నేను తిప్పను" అంది ఖాసింబీ.

అమ్మ కళ్లు అవ్వ మీదే ఉన్నాయి. ఎన్నడూ ఒకరిని నవ్వించి ఎరగని మా అవ్వ, గడప దగ్గర నడుం పట్టుకుని కూర్చునే అందుకుంది.

"ఏందమ్మే ఆ ఏడుపు! ఎదురుకాళ్లతో వస్తే రానీ. నా నడుం తన్నేదానికి ఇంట్లోనే ఒకడుంటాడు. ఆ ముసిలోడి కాళ్లకాడికి పోయే పీడ వదల్తాది!"

అమ్మ బిత్తరపోయి చూసి, పక్కున నవ్వింది. ఇక ఆపుకోలేకపోయింది. "నవ్వు, నవ్వు" అంటూ ఖాసింబీ కొంచెం జరిపి, పొట్ట బిగిస్తే ఆగి, చెవి ఆనించి విని, మళ్లీ జరిపి, చాలాసేపటికి "తిరిగినాడు" అంది.

గడప దగ్గర అవ్వ లేదు. ఆ మాట చెబుదామని వెతుక్కుంటూ పరుగెత్తితే, దొడ్లో ఆముదపు గింజల గంప ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

నెల తర్వాత తమ్ముడు తిన్నగా తలతోనే పుట్టాడు. "తిన్నగా పుట్టి నాకేం ఒరగబెట్టినావురా" అని దెప్పుతూనే, పోయేదాకా అవ్వ వాడి చేతనే నడుముకు ఆముదం రుద్దించుకుంది.

ఆ మిద్దె పడిపోయింది. ఖాసింబీ పోయింది, అలా తిప్పే చెయ్యి మా వైపు ఇప్పుడెవరికీ లేదు. ఆ ఇద్దరు ముసలమ్మలు గుర్తొస్తే రెండు చేతులూ వాటంతటవే జోడవుతాయి. నాకూ అవ్వ నడుమే వచ్చింది. నిన్న పట్టేస్తే, "ఒరే, ఒక తన్ను తన్నరా" అన్నాను.

"నేను తంతే ఏం పనిచేస్తాదక్కా? మీరంతా కలిసి నన్ను తిప్పేసినారు గదా!" అంటూ వాడు ఆముదం అరచేతిలో పోసుకున్నాడు. "బోర్లా పడుకో."