జడ్డిగం మీద పిడికిలి

2016 తొలకరి. తుళ్లూరు వైపు పొలాలు రాజధానికి ఇచ్చేసిన మరుసటి ఏడు. అప్పటికి నేను ఈ చిన్న మ్యూజియంలో పన్నెండేళ్లుగా గుమాస్తాను. వచ్చిన ప్రతి వస్తువునూ యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే ఏది, ఎక్కడిది, ఎవరిచ్చారు అని రాసే పుస్తకంలో, ఎక్కించడం నా పని. ఆ ఏడు నాగళ్లు, గుంటకలు బళ్లకొద్దీ వచ్చాయి. "ఇది మ్యూజియమా, పాత సామాను కొట్టా?" అన్నారు మా అధికారి. పదిమంది ముందు, నన్నే అన్నారు. నాకింకా గుర్తే.

ఎంత వాదించినా ఒక్క గొర్రును మాత్రమే హాల్లో పెట్టనిచ్చారు. విత్తనాలు వేసే పనిముట్టది. పైన జడ్డిగం అనే చెక్క గిన్నె, దాని కింద వెదురు గొట్టాలు. వెనక నడిచే మనిషి గిన్నెలోకి పిడికిలితో గింజలు వదులుతుంటే అవి గొట్టాల్లోంచి చాళ్లలో పడతాయి.

ఒక మధ్యాహ్నం మరియమ్మ అనే కూలీ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. అడ్డంగా కట్టిన తాడు దాటి జడ్డిగం మీద చెయ్యి వేసింది. ముట్టుకోకూడదమ్మా అన్నాను.

"ముప్పయ్యేళ్లు ముట్టుకున్నానండి దీన్ని. ఈ గొట్టాలు కట్టిందెవరండి? ఇట్టా వంచి కడితే గింజ మధ్యలోనే ఆగిపోద్ది."

కట్టించింది నేనే. ఆమె కింద కూర్చుని తాళ్లు విప్పి, గొట్టాలు సరిచేసి కట్టింది. పక్కనున్న అట్ట మీద ఏం రాశారో చదవమంది. దాత అని ఆసామి పేరుంది. చదివాను.

"ఆయన ఎడ్లను తోలాడు. గింజ వదిలింది నేను. నా పేరేదండి?"

ఒక్కసారి దీంతో విత్తనం వెయ్యనిస్తారా అని అడిగింది. పొలంలో కాదులెండి, పొలాలెక్కడున్నాయి అని తనే అంది.

ఆ నెలలోనే సుస్థిరాభివృద్ధికి మ్యూజియంలు ఏం చేయగలవో సూచనలు రాయమని పైనుంచి కాగితం వచ్చింది. నాలుగు పేజీలు రాశాను. మా వెనకున్న ఖాళీ జాగాలో ఏటా తొలకరికి మరియమ్మ చేత జొన్న, కంది కలిపి వేయిద్దామని, ఆ విద్య బడిపిల్లలకు నేర్పిద్దామని.

"కందులకూ అభివృద్ధికీ ఏం సంబంధమండీ? రిజిస్టర్ చూసుకోండి," అన్నారు అధికారి. ఆ జాగాలో కార్లు నిలపడానికి టైల్స్ వేయించారు. నా కాగితం నకలు ఇప్పటికీ నా దగ్గరుంది.

సంగతి తెలుసుకోవడానికి ఆమె మళ్లీ వచ్చింది. చెప్పాను. జడ్డిగం మీద ఖాళీ పిడికిలి పెట్టి, వేళ్లు కొంచెం కొంచెంగా సడలిస్తూ కాసేపు నిలబడింది. నేను తాడు పక్కకు తీసి పట్టుకున్నాను. తరవాత మిరప కోతలకని ప్రత్తిపాడులో కూతురి దగ్గరికి వెళ్లిందట. మళ్లీ రాలేదు.

చేతిని వదిలేసి కర్రను దాచుకోవడం దాచడం కాదని నాకు తెలిసింది అప్పుడే. అప్పటినుంచి రిజిస్టర్‌లో దాత పక్కన స్కేలు పెట్టి ఇంకో గడి గీస్తున్నాను, వాడినవారు అని. అలాంటి గడి లేదని కొట్టేస్తారు. మళ్లీ గీస్తాను. గొర్రుకు ఎదురుగా మరియమ్మ పేరుంది.

తొలకరి పడగానే గేటు వైపు చూస్తాను. వెనక టైల్స్ మీద ఆ వాన ఇంకకుండా నిలబడి ఉంటుంది.