వరుసగా మూడు నెలలు తప్పినప్పుడు

పెళ్లైన నాలుగో ఏడు నాకు వరుసగా మూడు నెలలు నెలసరి రాలేదు. మిర్యాలగూడలో మా అత్తమ్మ నేను కడుపుతో ఉన్నానని సంబరంగా పక్కింటివాళ్లకు కూడా చెప్పేసింది. నాకు పీసీఓఎస్ ఉందని, ఇలా తప్పడం మామూలేనని ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆమెను వెంటబెట్టుకుని సూర్యాపేట వెళ్లి స్కానింగ్ చేయించుకున్నాను. గర్భం కాదని డాక్టరమ్మ ఆమెకే చెప్పింది.

తిరిగొచ్చే బస్సులో అత్తమ్మ తన సంగతి చెప్పింది.

"నాకు గూడ గిట్లనే తప్పుతుండె. ఏడేండ్లకు నీ మొగడు పుట్టిండు."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

"నన్నెవరడిగిండ్రు?"

ఇంటికి రాగానే పక్కింటికెళ్లి, "నేనే తొందరపడ్డ" అని చెప్పి వచ్చింది.

మాకింకా పిల్లలు లేరు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. ఎవరైనా అడిగితే ఇప్పుడు ఆమే జవాబు చెబుతుంది.