తూము దాటిపోయిన కారు

కారు కొన్నవాళ్ళ సొంతమని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. మా కాలంలో అది ఊరందరిదీ, పెట్రోలు పోయించడం వరకే మాది. ఎనభైల్లో వేంసూరు దగ్గరి మా ఊరికంతటికీ మా నాన్న కొన్న పాత అంబాసిడరొక్కటే కారు. నా చేతికి తాళం ఇచ్చిన రోజే ఆయన షరతు పెట్టాడు: "చెయ్యెత్తినోళ్ళను ఇడిసిపెట్టి పోయినవని నా చెవుల పడిందనుకో, తాళం మళ్ల నీ చేతికి రాదు." దాంతో నేను దమ్మపేట వెళ్ళి వచ్చేలోపు ఆ కారులో కోళ్ళ గంపలు, బాలింతలు, కొబ్బరి మొక్కలు, ఒకసారి సన్నాయి మేళంతో సహా పెళ్ళికొడుకు ఎక్కి దిగారు. అడుగడుక్కీ ఆగే నాకు స్నేహితులు 'ఆర్డినరీ బస్సు' అని పేరు పెట్టారు. ఇరవై మూడేళ్ళవాడికి అంతకంటే అవమానం ఉంటుందా?

మా అక్క భర్త, అంటే బావ, మద్రాసులో మోటారు వర్క్‌షాపులో పనిచేసేవాడు. వేసవికి వచ్చినప్పుడల్లా అక్కడి రేసు ట్రాకు కబుర్లు చెప్పి నా బుర్ర తినేసేవాడు. ఆ ఏడు ఏకంగా ఒక కబురు మోసుకొచ్చాడు. సొంత కారు తెచ్చుకున్న మామూలు మనుషులకు ఒకరోజు ఆ ట్రాకు మీద తోలుకునే వీలుందట, తాను ఒక్క కారుకు చోటు ఇప్పించగలడట. ఆ ఒక్కరూ ఎవరో తేల్చడానికి ఎండిపోయిన మా చెరువులో ముగ్గుపిండితో గుండ్రంగా దారి గీశాడు. చుట్టుపక్కల ఊళ్ళవి మూడు, మాదొకటి, నాలుగు కార్లొచ్చాయి. ఒక్కొక్కరూ విడిగా మూడు చుట్లు కొట్టాలి, బావ చేతి గడియారంలో ఎవరిది తక్కువైతే వాళ్ళు మద్రాసుకు. నాకు ఆ మద్రాసు ఎంత కావాలో చెప్పలేను. వారం రోజులు అన్నం ముందు కూర్చుని కూడా గేర్లు మార్చాను (కంచం పక్కన నీళ్ళ చెంబు ఉండేది, అదే గేరు).

"కార్ల ఊగేటియన్నీ దింపురా," అన్నాడు బావ. యూరియా బస్తా, పంపుసెట్టు బెల్టు, నాన్న గొడుగు, ఎప్పటిదో తెలియని పచ్చడి జాడీ దిగాయి. కారు అద్దానికి పర్ణశాలలో అమ్మ కట్టించిన పసుపుతాడును మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు. "మలుపుకు ముందుగాల్నే బ్రేకెయ్, మలుపుల ఎయ్యకు. పోవాల్సిన కాడికే చూడు, ముగ్గును చూడకు," అని చెప్పి బావ తన స్కూటరు హెల్మెట్ నా తలకు తొడిగాడు. మొదటి చుట్టు అద్భుతంగా వచ్చింది. నా వెనక లేచిన దుమ్ముకు నాకే గౌరవం కలిగింది. అందరికంటే ముందున్నానని బావ గట్టు మీంచి తువ్వాలు ఊపాడు. రెండో చుట్టు మొదలై తుమ్మచెట్టు మలుపు దగ్గరికొచ్చేసరికి ఒక ముసలమ్మ, నెత్తిమీద బువ్వగిన్నెతో, చెయ్యెత్తింది.

నా తల పొమ్మనే అంది. కాలు మాత్రం నాన్న మాట విని బ్రేకు తొక్కేసింది. ఆమె తాపీగా ముందు సీట్లో సర్దుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "తూము కాడ దింపు కొడుకా," అంది. చెరువు నీళ్ళు బయటికి వదిలే ఆ తూము దగ్గరి దోసపాదులకు ఆమె ముసలాయన కాపలా. అక్కడా ఆగితే మద్రాసు ఇక మరిచిపోవాల్సిందే. "ఒక్క చుట్టు కొట్టి దింపుత అవ్వా," అన్నాను. "తూము పోయింది," అందామె. కాసేపటికి తుమ్మచెట్టు మళ్ళీ వచ్చింది. "ఇదేంది నాయనా, ఎక్కిన కాడికే తెచ్చినవ్? గిట్లయితే నడిచే పోదును గద." నేను గేరు మార్చాను. ఆమె గిన్నె మూత సర్దింది. ఈసారి తూము దగ్గర ముసలాయన దారికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. ఒక చెయ్యెత్తితేనే ఆగేవాణ్ణి, రెండెత్తితే ఏం చేస్తాను?

"బువ్వ తెస్తనని పోయి కారెక్కి ఊరేగుతున్నవా?" అన్నాడాయన భార్యతో. "ఈ పిలగానికి తూమేడుందో తెల్వదు," అందామె దిగుతూ, నావైపు జాలిగా చూసి. ముసలాయన నా ఒళ్ళో రెండు దోసకాయలు పెట్టాడు. వాటితోనే చుట్టు ముగించి, గడియారం లెక్కలో చివరివాణ్ణయ్యాను. "ట్రాకు మీద ప్యాసింజర్ను ఎక్కించుకున్నోణ్ణి నిన్నొక్కణ్ణే చూసిన," అని బావ నేలమీద కూలబడి నవ్వాడు. పక్క ఊరి రైసుమిల్లువాళ్ళ అబ్బాయి మద్రాసు వెళ్ళాడు. నేను యూరియా బస్తా, పచ్చడి జాడీ మళ్ళీ కారెక్కించాను. నాన్న మాత్రం, "ఎక్కించుకొమ్మన్న గని, దింపకుండ తిప్పుమన్ననా?" అని ఒకటే గొడవ.

మొన్నీమధ్య, అరవై దాటాక, నా సొంత కారుతో అసలైన ట్రాకు ఎక్కాను. మంచి హెల్మెట్, నున్నటి రోడ్డు, అడ్డం రావడానికి ఒక్క మనిషి లేడు. రెండో చుట్టులో మలుపు దగ్గర పనివాడు పసుపు జెండాతో చెయ్యెత్తాడు. నెమ్మదిగా పొమ్మని దానర్థమని పొద్దున్నే చెప్పారు. నేను పూర్తిగా ఆపేసి, ఎడమ తలుపు తీసి పట్టుకున్నాను. "సార్, పోండి సార్," అన్నాడతను బిత్తరపోయి. తలుపు వేసుకుని కదిలాను. ఇన్నేళ్ళు కావాలనుకున్నది చేతికందింది, సంతోషంగానే ఉంది. కానీ మిగిలిన చుట్లన్నీ పక్క సీటు వైపు చూస్తూనే తోలాను. 'తూము పోయింది' అని చెప్పేవాళ్ళెవరూ లేరు.