రెండో అంతస్తులో లిఫ్టు మారాలండీ

అమలాపురంలో జగ్గారావు గారి బట్టల కొట్లో లిఫ్టు నడిపే బంగారరాజు గారు ఎవరినీ తిన్నగా పైకి తీసుకెళ్ళిన పాపాన పోలేదు. మేడకున్నవి నాలుగే అంతస్తులు. అయినా ఎంతటివారినైనా రెండో అంతస్తులో దింపి, లిఫ్టు మార్పించాల్సిందే.

ముక్తేశ్వరం నుంచి పెళ్ళిబట్టలకు వచ్చినవాళ్ళు ఓసారి నిలదీశారు.

“నాలుగంతస్తులకి మధ్యలో మారడమేంటండీ?”

“మబ్బుల్లోకెళ్ళే మేడల్లో అంతేనండీ. దుబాయ్‌లో లిఫ్టు తాళ్ళకి గ్రీజు పూసేనండీ నేను. ఇనప తాడు పొడుగయ్యేకొద్దీ దాని బరువు అదే మొయ్యలేదండీ. సగంలో దిగి ఇంకో లిఫ్టెక్కాలండీ.”

“మరి ఆ ఇంకో లిఫ్టేదండీ?”

“ఇదేనండీ. కాస్త ఆయాసం తీర్చుకుని వస్తాదండీ.”

తలుపు మూసుకునేది. లిఫ్టు కదిలేది కాదు. లోపల్నుంచి బంగారరాజు గారు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించేది.

ఇక గాలి వీచిందా, అంతే సంగతులు. ఎత్తు మేడ గాలికి ఊగుతుందనీ, లోపలి తాళ్ళు కూడా ఊగి గోడలకు కొట్టుకుంటాయనీ చెప్పి, గాలి తగ్గేదాకా జనాన్ని రెండో అంతస్తులోనే ఉంచేసేవారు.

“ఒరేయ్ బంగారం, మన మేడకంటే పక్కనున్న కొబ్బరిచెట్టే ఎత్తురా” అన్నారు జగ్గారావు గారు.

“ఆయ్. అదీ ఊగుతోందండీ మరి.”

ఆ రెండో అంతస్తులో బండారులంక నేతచీరల దగ్గర సత్యదుర్గ ఉండేది. పదో తరగతితో చదువాగిపోయిన పిల్ల. “రండమ్మా” అనే మాట ఆమె గొంతు దాటేది కాదు. శ్రావణం వెళ్ళేలోపు బేరాలు లేకపోతే కౌంటరు ఎత్తేస్తాననీ, ఇక పనికి రానక్కర్లేదనీ యజమాని చెప్పేశారు. ఇంట్లో మగ్గం ఆగిపోయింది. ఆ జీతం మీదే పొయ్యి వెలుగుతోంది.

లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళకు తోచక చేతులు చీరల మీదికి వెళ్ళేవి. అంచు తిప్పి చూసేవారు. ధర అడిగేవారు. అడిగినదానికి చెప్పడం సత్యదుర్గకు కష్టం కాదు. శ్రావణం వెళ్ళేసరికి బీరువాలు సగం ఖాళీ. జగ్గారావు గారు ఆ కౌంటరును కింద గుమ్మం పక్కకే మార్పించి, రెండో అంతస్తును గోడౌను చేశారు. ఇదంతా నేతగాళ్ళ చేతిచలవ అనుకుంది సత్యదుర్గ. బంగారరాజు గారికి కాస్త తిక్క అని అందరిలాగే ఆమె కూడా అనుకునేది.

ఓ రోజు చీరల మూట నాలుగో అంతస్తుకు చేర్చాలని, కొనడానికొచ్చినవాళ్ళతో పాటు ఆమె లిఫ్టెక్కింది. రెండో అంతస్తు దాటిపోయింది. మూడోదాంట్లో ఆగింది.

“దిగండమ్మా, ఇక్కడ మారాలి.”

“బాబాయ్ గారూ, మారేది రెండోదాంట్లో కదండీ?”

“తాడు సాగిందమ్మా. మారే చోటు పైకి జరిగింది.”

తలుపు తెరుచుకుంది. ఎదురుగా తువ్వాళ్ళ గుట్ట. దాని వెనక, కొత్తగా చేరిన శాంతి తల వంచుకుని తువ్వాలు కుచ్చులు లెక్కపెట్టుకుంటోంది.

సత్యదుర్గ బంగారరాజు గారికేసి చూసింది. ఆయన లిఫ్టు కప్పుకేసి చూస్తున్నారు. ఆమెకు రెండో అంతస్తులోని తన పాత కౌంటరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

“ఇదెక్కడి గోలండీ” అని విసుక్కుంది లిఫ్టులో పక్కనున్నావిడ.

సత్యదుర్గ మూట కింద పెట్టి, అంతస్తంతా వినబడేలా చెప్పింది.

“దిగండమ్మా. మబ్బుల్లోకెళ్ళే మేడల్లో ఇంతేనండీ. లిఫ్టుకి ఆయాసం తీరేలోపు ఆ తువ్వాళ్ళు చూద్దురుగాని.”