నల్లోడికి ఎవరు పెట్టారు

మొన్న కర్నూల్లో మా మనవరాలి వెంట కుక్కల డాక్టరు దగ్గరికి పోయాను. ఆమె ముద్దుగా పెంచుకుంటున్న కుక్కపిల్ల తిండి మానేసి, వాంతులు చేసుకుని, నెత్తురు విరేచనాలతో తువ్వాలులో పీలికలా వేలాడుతోంది. టీకాలన్నీ వేయించారా అని డాక్టరమ్మ అడిగింది. రెండోది మరిచిపోయారట. "పార్వో అనుకుంటున్నాను. కుక్కలకొచ్చే కరోనా ఒకటుంది, డిస్టెంపర్ ఉంది, ఇవన్నీ వైరస్‌లే. పరీక్ష చేస్తే ఏదో తేలుతుంది" అంది. మా మనవరాలు ఆ మాట చెవిన పెట్టలేదు. "మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఇదంటే గిట్టదు మేడం. వాడే ఏదో పెట్టుంటాడు" అంది. చదువుకున్న పిల్ల. ఆ గొంతులో నాకు మా అత్త గొంతు అచ్చంగా వినిపించింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో పుట్టి పెరిగిన నన్ను ఆళ్లగడ్డలో ఒక రైతు ఇంటికి ఇచ్చారు. కాపురానికి వచ్చిన కొత్తల్లో నాకు భయం కలిగించినవి రెండే రెండు: మా అత్త, ఆ ఇంటి కుక్క. పొద్దున లేస్తే పక్క వీధిలో శిల్పుల ఉలుల చప్పుడు, దానికి పోటీగా ఈ కుక్క అరుపు. నల్లగా, దూడంత ఉండేది. అందరూ నల్లోడనేవాళ్లు. కల్లంలో చెనక్కాయలు పోస్తే దాని పక్కనే పడుకునేది, ఇంకొకరి నీడ కూడా పడనిచ్చేది కాదు. నేను దొడ్లోకి పోవాలంటే ఎవరో ఒకరు దాన్ని పట్టుకోవాలి. ఒకరోజు విసిగిపోయి, "ఈ కుక్క ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లు నాకు నెమ్మది లేదు" అని మా ఆయనతో అన్నాను. తలుపవతల అత్త చాటలో కొర్రలు చెరుగుతోంది. ఆ మాట అన్న క్షణమే చాట చప్పుడు ఆగిపోయింది. దాని అర్థం నాకప్పుడు తెలియలేదు.

ఆ నెలలోనే నల్లోడు జబ్బుపడ్డాడు. మొదట కళ్లకు పుసులు, ముక్కు కారడం. తర్వాత తిన్నది తిన్నట్టు కక్కడం, ఆపైన ఆగని విరేచనాలు, జిగురూ నెత్తురూ కలిసి. దొడ్డంతా భరించలేని కంపు. అత్త దానిమ్మ తొక్కల కషాయం కాచి పోసింది, అదీ నిలవలేదు. మామ దాని పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూసి, "ఇది జబ్బు గాదు. ఎవురో మందు పెట్టినారు" అన్నాడు. ఎవరో అనడం మాటవరసకే. గోడవతల మామ పెదనాయన కొడుకు ఇల్లు ఉంది. వాన నీళ్లు ఎవరి వైపు పారాలన్న తగువుతో రెండిళ్ల మధ్య ఏళ్ల తరబడి మాటల్లేవు. పైగా నల్లోడు వాళ్ల కోళ్లను తరిమేవాడు. మామ అనుమానం నేరుగా ఆ గోడవతలికే పోయింది.

అత్త అనుమానం మాత్రం గోడ దాకా కూడా పోలేదు. ఇంట్లోనే నా మీద ఆగింది.

"మ్మేయ్, దానికి సంగటి ఏసింది నువ్వే గదా?"

"అవునత్తా. మనం తిన్నదే ఏసినా."

"మనం బాగనే ఉండాం గదా" అంది, నా మొహంలోకే చూస్తూ.

అప్పటి నుంచి నేను పొయ్యి ముట్టిస్తే ఆమె వచ్చి వంటింటి గడప మీద కూర్చునేది. పప్పులో ఉప్పు వేస్తుంటే ఆ ఉప్పు చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేది. మామ అన్నం ముందు కూర్చుని, అత్త మొహం చూసి, ఆమె తలూపాకే ముద్ద కలిపేవాడు. నేను పుట్టింటికి ఎంత దూరంలో ఉన్నానో నాకు ఆ భోజనాల దగ్గరే తెలిసింది. ఇవన్నీ ఓర్చుకున్నాను. కానీ ఒక సాయంత్రం మా ఆయన గొంతు తగ్గించి, "నువ్వేం పెట్టలేదు గదా?" అన్నాడు. ఆ రోజు నేను ఏడవలేదు. "దాన్ని నంద్యాల పశువుల ఆసుపత్రికి తీసకపోదాం పద. మా నాయన బర్రెల్ని ఆడికే తోలకపోతాడు. ఏం పెట్నారో డాక్టరే చెప్తాడు" అన్నాను.

అత్త ఒప్పుకుంది, తానూ వస్తానన్న షరతు మీద. చెనక్కాయల మూటలతో పోతున్న లారీలో మేమిద్దరం ముందు కూర్చున్నాం, మా ఆయన మూటల మీద నల్లోణ్ణి గోనెలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను భయపడిన ఆ కుక్క అప్పుడు మేకపిల్లంత కూడా లేదు.

ఆసుపత్రి డాక్టరు దాని కళ్లు చూశాడు, పళ్లు చూశాడు, పాదాలు నొక్కి చూశాడు. "విషమైతే ఇట్ల పుసులు రావమ్మా. పాదాలు చూడు ఎట్ల గట్టిపడినాయో. ఇది డిస్టెంపర్. వైరస్ అని ఒక క్రిమి. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుంటాది. దీన్ని మనిషి పెట్టలేదు" అన్నాడు.

"ఆ క్రిమి యాడుంది? చూపీ" అంది అత్త.

"అది కంటికి కనపడదు."

"కనపడందాన్ని నువ్వెట్ల చూసినావప్పా?"

ఆయన నవ్వాడు. "నేనూ చూడలే. అది చేసే పని చూసి చెప్తాండా."

అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీది యా ఊరు?"

"నంద్యాలే."

"మా కోడలిదీ నంద్యాలే" అని నా వైపు తిరిగింది. దొంగలిద్దరూ ఒకేసారి దొరికారన్నట్టు. ఆ డాక్టరును నేను అంతకుముందు కలలో కూడా చూడలేదు. ఆయనకు మా అత్తాకోడళ్ల సంగతి ఏమర్థమైందో గానీ నవ్వు ఆపి, "నన్ను నమ్మొద్దులే. మీ వీధిలో ఇంకే కుక్కకన్నా ఇట్లుందేమో చూస్కో" అన్నాడు. దీన్ని నయం చేసే మందు లేదనీ, ఉప్పేసిన గంజి కొంచెం కొంచెంగా పోస్తూ ప్రాణం నిలబెట్టడమేననీ చెప్పి పంపాడు.

ఆళ్లగడ్డకు రాగానే అత్త వాకబు మొదలుపెట్టింది. పక్కింటి ఎర్రకుక్క కొన్నాళ్లుగా కనపడటం లేదు. చేని దగ్గర ఉందని వాళ్ల జీతగాడు చెప్పాడు. "చూస్తివా? మందు పెట్టేటోళ్లు తమదాన్ని ముందే పంపిచ్చినారు" అన్నాడు మామ. అత్త లేచి, నా చెయ్యి పట్టుకుని, మాటల్లేని ఆ ఇంటి దొడ్లోకి నేరుగా నడిచింది. నన్ను సాక్షికి తెచ్చుకుందో, నిలదీయడానికో ఇప్పటికీ చెప్పలేను.

పశువుల కొట్టంలో పాతగోనె మీద, చేని దగ్గరుందన్న ఎర్రకుక్కే పడి ఉంది. అవే పుసులు, అదే కంపు. ఆ ఇంటామె చేతిలో చెంబుతో మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

"చూసకపోను వస్తిరా? మీరు పెట్టింది బాగనే పని చేసింది" అంది.

"మేం పెట్నామా? మాదానికి పెట్టింది మీరు గదా!" అంది అత్త.

అంతలో అత్త చూపు కుక్క పాదాల మీద పడింది. చీర ఎగదోపుకుని కింద కూర్చుంది. ఎర్రకుక్క కాలు పట్టుకుని పాదం నొక్కింది. "గట్టిపడినాయి మ్మేయ్" అంది నాతో. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో ముల్లు లేదు. తర్వాత ఆ ఇంటామెతో, "క్రిమి. కంటికి కనపడదు. గంజిలో ఉప్పేసి తాపు" అంది, తానే కళ్లారా చూసొచ్చినట్టు.

నల్లోడు దక్కలేదు. ఎర్రకుక్క బతికింది గానీ, దాని ముందుకాలు ఒకటి నిద్రలో కూడా అదురుతూనే ఉండేది. మామ చివరిదాకా నమ్మలేదు. పక్కింటివాడు తన కుక్కకు కొంచెం పెట్టి మనదానికి ఎక్కువ పెట్టాడనేవాడు. ఆడవాళ్లు మాత్రం గోడ మీదుగా గంజి సంగతి మాట్లాడుకుని, ఆపైన కూరల సంగతికి వచ్చారు. అత్త నాకు క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. మర్నాడు వంట నాకు వదిలేసి చేనికి పోయింది, అంతే.

ఆమె మీద నా కోపం చాలా ఏళ్లు గట్టిగా ఉండేది. పిల్లలు పుట్టాక కూడా ఉంది, ఆమె మంచాన పడ్డాక కూడా కొంచెం ఉన్నట్టే గుర్తు. ఇప్పుడు నేను ఆమె పోయిన వయసు దాటి ఎంతో దూరం వచ్చాను. ఆ కోపం ఏ ఏడు నన్ను వదిలిపోయిందో ఎంత తలుచుకున్నా తెలియడం లేదు. కాలం మనకు చెప్పకుండా పట్టుకుపోయిన వాటిలో అదీ ఒకటి.